బేగంపేట విమానాశ్రయం: దక్కను గగనయాన చరిత్రలో తొలి అధ్యాయం

రైలుస్టేషను వచ్చిన ఊరికీ రాని ఊరికీ మధ్య పందొమ్మిదో శతాబ్దంలో ఏర్పడిన అంతరం, ఇరవయ్యో శతాబ్దంలో విమానాశ్రయం విషయంలో మరొకసారి కనిపిస్తుంది. 1930వ దశకంలో గోదావరికి ఇరువైపులా మూడు చోట్ల విమానాలు దిగడానికి నేలను చదును చేశారు. మొదటిది హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల నడుమ ఉన్న బేగంపేట. రెండవది కాకతీయుల రాజధాని ఓరుగల్లు సమీపాన ఉన్న మామునూరు. మూడవది గోదావరికి ఉత్తరంగా, ఇంద్రావతి తీరాన బస్తరు సంస్థానానికి రాజధానిగా ఉండిన జగదల్‌పూర్. మూడూ దాదాపు ఒకే కాలానివి. మూడూ సంస్థానాల ఏలుబడిలోని నేలలే. అయినా బేగంపేట ఒక్కటే ఇరవై ఏళ్ళు తిరగకముందే దేశ వైమానిక పటంలో ముఖ్య కేంద్రంగా స్థిరపడింది. మామునూరు 1981 తరువాత ప్రయాణికులకు దూరమయింది. జగదల్‌పూర్ నిలకడైన పౌర విమాన సౌకర్యం కోసం 2020 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

ఈ భేదానికి కారణాన్ని నేల స్వభావంలోనో, ఊరి జనాభాలోనో వెతికితే సగం సమాధానమే దొరుకుతుంది. మిగిలిన సగం బేగంపేట తొలి రెండు దశాబ్దాల చరిత్రలో ఉంది. అది ఒక మైదానం చుట్టూ టపా, శిక్షణ, యాజమాన్యం అనే మూడు వ్యవస్థలు ఒకదాని వెంట ఒకటి చేరుకున్న చరిత్ర.

పేరు ముందు, మైదానం తరువాత

హైదరాబాదు పేరు ఆకాశానికెక్కిన సందర్భం విచిత్రమైనది. నగరానికంటూ ఒక విమానాశ్రయం ఏర్పడకముందే, వేల మైళ్ళ దూరాన ఫ్రాన్సు యుద్ధరంగం మీద ఆ పేరు రాసిన విమానాలు ఎగిరాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళంతో బ్రిటిషు వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రనుకు డి.హెచ్.9ఎ రకం బాంబర్లు సమకూరాయి. అవి నిజాం కానుక అని తెలిపే రాత ఒక్కొక్క విమానం మీద ఉండేది. ఆ దళానికి హైదరాబాదు స్క్వాడ్రను అనే పేరే నిలిచిపోయింది. 1918 అక్టోబరు 5న దాడికి వెళ్ళి జర్మనుల చేత చిక్కిన ఒక విమానం బెర్లిను ప్రదర్శనశాలకు చేరింది. రెండవ యుద్ధకాలంలో అది పోలెండుకు తరలిపోయి, చివరకు 1977లో బ్రిటనులోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి వచ్చింది. హైదరాబాదు పేరు మోసిన ఆ యంత్రం ఐరోపాలో ఇన్ని చేతులు మారింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఇదే సంప్రదాయం 152వ స్క్వాడ్రనుతో కొనసాగింది. 1940లో ఇంగ్లండు గగనతల రక్షణలో స్పిట్‌ఫైర్ విమానాలతో పాల్గొన్న ఈ దళానికి నిజాం తలపాగాయే చిహ్నం. నిజాముకు బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చిన 'విశ్వసనీయ మిత్రుడు' అనే బిరుదే దాని ఆదర్శ వాక్యం. అయితే ఈ కానుకల వల్ల సంస్థానానికి దక్కినది కీర్తి మాత్రమే. విమానం నడపగలవారు, మరమ్మతు చేయగలవారు, దానికి దారి చూపగలవారు ఈ గడ్డ మీద తయారు కావడానికి వేరే సందర్భం కావలసి వచ్చింది. దానిని టపా తెచ్చింది.

బళ్ళారి మజిలీ

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి పస్ మాత్ అనే చిన్న విమానంలో ఉత్తరాల సంచులతో బయలుదేరి, అహమ్మదాబాదు మీదుగా బొంబాయిలోని జుహూ మైదానానికి చేరుకున్నారు. అక్కడి నుంచి టాటాల సహచరుడు నెవిల్ విన్సెంట్ ఆ టపాను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చారు. లండను నుంచి ఇంపీరియల్ ఎయిర్వేస్ కరాచీకి తెచ్చిన ఉత్తరాలను దక్షిణాదికి అందించడం ఈ సర్వీసు పని. అహమ్మదాబాదులో విమానానికి పెట్రోలు ఎద్దుబండి మీద డబ్బాలలో వచ్చిందన్న సంగతి ప్రసిద్ధమే. నాటి విమానయానం ఎంతటి కనీస సదుపాయాలతో ప్రారంభమయిందో ఆ ఒక్క సంగతే చెబుతుంది.

తెలుగువారికి ఈ మార్గంలో ముఖ్యమైన అంశం బళ్ళారి. అప్పటికి అది మద్రాసు రాజధానిలో, దత్తమండలాలలో ఒక జిల్లా. తెలుగు, కన్నడాలు రెండూ వాడుకలో ఉన్న ఊరు. అంటే తెలుగు మాట వినిపించే నేల మీద క్రమబద్ధంగా విమానం దిగిన తొలి మజిలీ హైదరాబాదు కాదు, బళ్ళారి. పస్ మాత్ వంటి ఒంటి ఇంజను విమానం బొంబాయి నుంచి మద్రాసుకు మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి ఇంధనం నింపుకోక తప్పదు. రెండు నగరాల నడుమ ఇంచుమించు తిన్నగా గీసిన గీత మీద బళ్ళారి ఉంది. ఆ మజిలీకి అదే అర్హత.

టాటా సర్వీసు తొలి పూర్తి సంవత్సరమైన 1933లో లక్షా 60 వేల మైళ్ళు ఎగిరింది. 155 మంది ప్రయాణికులను, సుమారు 10.7 టన్నుల టపాను మోసింది. 60 వేల రూపాయల లాభం చూపింది. ఈ అంకెలను పరిశీలిస్తే విమానాన్ని నిలబెట్టినది ప్రయాణికుడు కాదని తేటతెల్లమవుతుంది. ఏడాది పొడవునా 155 మంది అంటే రెండు రోజులకు ఒక్కరైనా లేరు. ప్రభుత్వంతో కుదిరిన పదేళ్ళ టపా ఒప్పందమే ఆ సంస్థకు ఊపిరి. ఏ ఊరి మీదుగా ఉత్తరం వెళ్ళాలని నిర్ణయమయితే ఆ ఊరికే విమానం వచ్చేది. తరువాతి సంవత్సరాలలో ఈ మార్గంలో బళ్ళారి స్థానాన్ని హైదరాబాదు ఆక్రమించింది. దక్కనులో అతి పెద్ద సంస్థానానికి రాజధాని, పెద్ద బ్రిటిషు కంటోన్మెంటు, వర్తక కేంద్రం ఒకేచోట ఉన్నందున ఈ మార్పు సహజమైనదే. 1938లో సామ్రాజ్యమంతటా ఉత్తరాలను విమానంలో పంపే పథకం అమలులోకి వచ్చేసరికి హైదరాబాదుకు దానిలో పాలుపంచుకునే అర్హత అమరి ఉంది.

జంటనగరాల నడుమ

విమానాలకు మొదట కొంతకాలం హకీంపేట మైదానం ఉపయోగపడింది. ఆ తరువాత శాశ్వత కేంద్రంగా బేగంపేట ఎంపికయింది. ఆరవ నిజాం కుమార్తె బషీరున్నీసా బేగం పేరు మీద ఏర్పడినదని చెప్పే ఈ ప్రాంతం హుస్సేన్ సాగరుకు వాయవ్య దిశలో ఉంది. ఒకవైపు నిజాం రాజధాని, మరొకవైపు కంటోన్మెంటు ఉన్న సికింద్రాబాదు. రెంటికీ ఇది అందుబాటు. వాడి నుంచి సికింద్రాబాదు వచ్చే రైలుమార్గం దీని పక్కగానే పోతుంది. సముద్రమట్టానికి సుమారు 531 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమి మీద రాతినేల, మొరం ఎక్కువ. వానాకాలంలో రేగడి నేల చక్రాలను పట్టి ఉంచినట్లు ఇది పట్టి ఉంచదు. తారు పరచిన రన్‌వేలు లేని రోజులలో ఇది చిన్న విషయం కాదు.

1930వ దశకంలో ఏర్పడిన హైదరాబాదు ఏరో క్లబ్బు ఇక్కడ శిక్షణకు పునాది వేసింది. 1937లో విమానాశ్రయ భవనం సిద్ధమయింది. దీని ప్రారంభ ఘట్టంతో నిజాం పెద్దకోడలు, టర్కీ ఖలీఫా వంశీయురాలు అయిన రాకుమారి దుర్రుషెవార్ పేరు ముడిపడి ఉంది. ఆకాశంలో శబ్దం వినిపించగానే పొలాలలో పనివారు తలలెత్తి చూసే ఆ యంత్రానికి తెలంగాణ పల్లె తనదైన పేరు పెట్టుకుంది: గాలిమోటరు. రోడ్డు మీది మోటారుబస్సు అప్పటికి ఆ పల్లెలకు కొద్దికొద్దిగా పరిచయమవుతున్నది. ఆకాశంలోని బండికి రోడ్డు మీది బండి పేరే చెల్లింది.

రైల్వే చేతిలో గాలిమోటరు

పల్లెజనం పెట్టిన ఆ పేరులో యాదృచ్ఛికంగానే ఒక పరిపాలనా సత్యం కూడా ఉంది. హైదరాబాదు సంస్థానంలో రైలు, బస్సు, విమానం మూడింటినీ ఒకే యాజమాన్యం నడిపింది. నిజాం రైల్వే 1874లో వాడి, సికింద్రాబాదుల మధ్య మొదలయింది. దీర్ఘకాలం కంపెనీ చేతిలో ఉన్న ఈ రైల్వేను 1930లో ప్రభుత్వం కొని తన అధీనంలోకి తెచ్చుకుంది. 1932 జూనులో అదే రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని తెరిచింది. నేటి ఆర్టీసీలకు మూలం ఈ విభాగమే. ఆ తరువాత వైమానిక రవాణా బాధ్యత కూడా రైల్వేకే అప్పగించారు.

ఇతర దేశాలతో, ఇతర సంస్థానాలతో పోల్చి చూసినప్పుడు దీని విశిష్టత తెలుస్తుంది. అమెరికాలో ఆ కాలాన ఎన్నో విమానాశ్రయాలను పురపాలక సంఘాలే నిర్మించి నడిపాయి. నగరాల మధ్య పోటీయే వాటికి ప్రేరణ. బ్రిటిషిండియాలో 1927లో పౌర విమానయాన శాఖ ఏర్పడి, మైదానాల బాధ్యత కేంద్ర ప్రభుత్వానికి చేరింది. పురపాలక సంఘాలకు అంతటి ఆదాయం గాని, అధికారం గాని లేవు. సంస్థానాలలో ప్రభువుల అభిరుచిని బట్టి మార్గాలు వేరయ్యాయి. జోధ్‌పూరు మహారాజు ఉమేద్ సింగ్ స్వయంగా వైమానికుడు. ఆయన చొరవతో ఎడారి మధ్యలోని ఆ ఊరు ఐరోపా నుంచి తూర్పుదేశాలకు పోయే విమానాలకు మజిలీ అయింది. మైసూరు సంస్థానం 1940లో బెంగుళూరులో వెలసిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారానికి అండగా నిలిచింది. హైదరాబాదు విమానాన్ని ప్రభువు అభిరుచికో, కర్మాగారానికో కట్టివేయలేదు. రవాణా శాఖలో ఒక భాగంగా చూసింది. రైల్వేకు అప్పటికే ఉన్న వర్కుషాపు క్రమశిక్షణ, సమయపాలన, లెక్కల విభాగం, సిబ్బంది విమానానికి కూడా ఉపకరించాయి. ప్రభువు అభిరుచి మారినా కార్యాలయం మారదు. బేగంపేట నిలదొక్కుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చు.

యుద్ధం నేర్పిన విద్య

రెండవ ప్రపంచ యుద్ధం ఈ పునాది మీద రెండవ అంతస్తును లేపింది. భారత వైమానిక దళాన్ని వేగంగా విస్తరించవలసి వచ్చినప్పుడు కొత్తగా చేరిన యువకులకు ప్రాథమిక శిక్షణ ఇచ్చే 1వ నంబరు పాఠశాలకు బేగంపేటను ఎంచుకున్నారు. టైగర్ మాత్ అనే రెండు రెక్కల శ్రేణుల శిక్షణ విమానాలు ఈ మైదానం మీద తిరుగాడాయి. తీరాంధ్రకు యుద్ధం ప్రత్యక్షంగా తగిలిన రోజులవి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. గన్నవరం వంటి మైదానాలు సైనిక అవసరాలకు ఉపయోగపడ్డాయి. శత్రువుకు అందనంత లోపల, ఏడాదిలో అధికభాగం నిర్మలమైన ఆకాశంతో ఉన్న దక్కను పీఠభూమి శిక్షణకు అనువైనదని యుద్ధకాల అనుభవం రుజువు చేసింది. స్వాతంత్ర్యానంతరం బేగంపేట, హకీంపేటలలో శిక్షణ కొనసాగడానికి, చివరకు 1971లో దుండిగల్లులో వైమానిక దళ అకాడమీ ప్రారంభం కావడానికి బీజం ఇక్కడే పడింది.

డెక్కన్ ఎయిర్వేస్

యుద్ధం ముగిసేసరికి మిత్రసేనలు వదిలివెళ్ళిన డకోటా రవాణా విమానాలు తక్కువ ధరకు లభించాయి. వాటిని నడపగలిగిన వైమానికులు, మెకానిక్కులు సైన్యం నుంచి బయటికి వస్తున్నారు. ఈ అదనులో 1945లో హైదరాబాదు ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్వేస్ సంస్థను స్థాపించాయి. ఇందులో నిజాం పక్షానిది 71 శాతం వాటా. 1946లో సర్వీసులు మొదలయ్యాయి. బేగంపేట కేంద్రంగా మద్రాసు, బెంగుళూరు, బొంబాయి, ఢిల్లీ నగరాలకు సంస్థ డకోటాలు ఎగిరాయి. అంతవరకు ఒక మార్గం మధ్యలో మజిలీగా ఉన్న ఊరు, ఇప్పుడు మార్గాలు బయలుదేరే కూడలి అయింది.

ఈ సంస్థ చరిత్రలో పేర్కొనదగిన మరొక అంశం ప్రేమ్ మాథుర్ నియామకం. 1947లో వాణిజ్య విమాన చోదక లైసెన్సు సంపాదించిన ఈ మహిళను స్త్రీ అనే కారణంతో ఎనిమిది సంస్థలు తిరస్కరించాయి. ఆమెకు అవకాశం ఇచ్చినది హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్వేస్. భారతదేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళగా ఆమె చరిత్రకెక్కారు. 1949లో జాతీయ విమాన పందెంలో విజేతగా నిలిచారు. ఆచారాలకు పెట్టింది పేరయిన ఒక సంస్థానంలో, ప్రభుత్వ వాటా అధికంగా ఉన్న సంస్థలో ఈ నియామకం జరగడం గమనార్హం.

సార్వభౌమత్వానికి కొలమానం

1947 ఆగస్టు తరువాత బేగంపేట చరిత్ర సంస్థాన రాజకీయ చరిత్రతో పెనవేసుకుంది. నాలుగు వైపులా భారత భూభాగం, సముద్రతీరం లేదు, రైళ్ళు సరిహద్దు దాటక తప్పదు. అటువంటి రాజ్యానికి బయటి ప్రపంచంతో సంబంధానికి మిగిలినది ఆకాశమే. సంప్రదింపులు కూడా ఆకాశమార్గానే నడిచాయి. 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున ఛత్తారీ నవాబు, వాల్టర్ మాంక్టన్, సుల్తాన్ అహ్మద్‌లతో కూడిన ప్రతినిధివర్గం యథాతథ ఒడంబడిక విషయమై ఢిల్లీకి ప్రయాణం కావలసి ఉండగా, రజాకార్ల ప్రేరణతో గుమిగూడిన జనం వారి ఇళ్ళను చుట్టుముట్టారు. విమానం ఎక్కవలసినవారు గడప దాటలేకపోయారు. ఆ ప్రతినిధివర్గం రద్దయి కొత్తది ఏర్పడింది. నవంబరు 29న కుదిరిన ఒడంబడిక ఆ కొత్త వర్గం చేతి మీదుగా జరిగింది. సరిగ్గా అదే అక్టోబరు 27న ఢిల్లీ నుంచి పౌర సంస్థల డకోటాలు సైతం భారత సైనికులను శ్రీనగరుకు చేరవేస్తున్నాయి. పౌర విమానం రాజ్యాల భవిష్యత్తును ఎంతగా నిర్ణయించగలదో ఆ ఒక్క రోజు రెండు చోట్ల రెండు విధాల తెలియజెప్పింది.

మరుసటి ఏడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్ట్రియన్ విమానాలలో కరాచీ నుంచి ఆయుధాలను రాత్రివేళల హైదరాబాదు సంస్థానానికి చేరవేశాడు. అవి బీదరు, వరంగల్లు మైదానాలలో దిగేవి. మామునూరు మైదానం దేశ చరిత్రలో నిలిచిపోయిన ఘట్టం ఇది ఒక్కటే కావచ్చు. ప్రయాణికుడి కోసం కట్టిన నేల తుపాకుల పెట్టెల కోసం వెలిగింది. 1948 సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలు కాగానే భారత వైమానిక దళపు టెంపెస్టు విమానాలు ఈ మైదానాల మీద దాడి చేశాయి. సెప్టెంబరు 18న మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయారు. కాటన్ ఆ తరువాత లండను న్యాయస్థానంలో జరిమానా చెల్లించాడు.

1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ హైదరాబాదు వచ్చినప్పుడు బేగంపేట విమానాశ్రయంలో నిజాం చేతులు జోడించి ఆయనను స్వాగతించిన ఛాయాచిత్రం నాటి పత్రికల ద్వారా దేశమంతటికీ తెలిసింది. తాను ఏలిన రాజ్యంలో, తన రైల్వే నడిపిన మైదానంలో, ఢిల్లీ నుంచి దిగిన విమానం ముందు నిలబడి ఉన్న నిజాం ఆ చిత్రంలో కనిపిస్తాడు. సంస్థాన విలీనానికి అంతకు మించిన దృశ్యసాక్ష్యం లేదు.

అర్ధరాత్రి టపా, జాతీయకరణ

పాలన మారినా బేగంపేట పని ఆగలేదు. 1949 జనవరి చివరలో ప్రభుత్వం రాత్రి విమాన టపా పథకాన్ని ప్రారంభించింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి సాయంత్రం బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలుసుకొని, ఉత్తరాల సంచులను మార్చుకొని, తెల్లవారేసరికి తమ గమ్యాలకు చేరేవి. జాతీయకరణకు ముందు సంవత్సరాలలో డెక్కన్ ఎయిర్వేస్ కూడా ఈ సేవలో పాలుపంచుకుంది. 1932లో బళ్ళారి మీదుగా మొదలయిన టపా సంబంధం ఈ విధంగా హైదరాబాదు సంస్థకు చేరడం విశేషం.

యుద్ధానంతరం అవసరానికి మించి పుట్టుకొచ్చిన విమాన సంస్థలు నష్టాలలో కూరుకుపోగా, పరిస్థితిని పరిశీలించడానికి నియమించిన జస్టిస్ రాజాధ్యక్ష సంఘం 1950లో నివేదిక ఇచ్చింది. దేశానికి నాలుగు సంస్థలు చాలునని, వాటికి బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, హైదరాబాదు కేంద్రాలు కావచ్చునని ఆ సంఘం భావించింది. రెండు దశాబ్దాల క్రితం టపా మార్గంలో పేరే లేని హైదరాబాదు, మద్రాసును సైతం దాటి ఆ నాలుగింటిలో నిలిచింది. చివరకు ప్రభుత్వం జాతీయకరణ మార్గాన్నే ఎంచుకుంది. 1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్వేస్ సహా ఎనిమిది సంస్థలు విలీనమై ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పడింది. స్థానిక విమానయాన చరిత్రకు అది ముగింపు. బేగంపేట విమానాశ్రయానికి మాత్రం మరొక యాభై ఐదేళ్ళ జీవితానికి ప్రారంభం. 1972లో పెద్ద టెర్మినల్ వచ్చింది. 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయం ప్రారంభం కావడంతో బేగంపేటలో సాధారణ ప్రయాణికుల రాకపోకలు నిలిచిపోయాయి.

మిగిలిన రెండు మైదానాలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. మామునూరుకు నేల కొరత లేదు. 1934లో నెలకొన్న ఆజంజాహీ మిల్లు వంటి పరిశ్రమ సమీపాన ఉంది. అయితే టపా మార్గం దానిని తాకలేదు. శిక్షణకు, యాజమాన్యానికి కేంద్రం రాజధానిలోనే ఉంది. రైలులో రాత్రికి రాత్రి చేరగలిగిన దూరానికి విమానం ఎక్కవలసిన అవసరం కూడా తక్కువే. కాబట్టి మామునూరు బేగంపేటకు అనుబంధంగానే మిగిలింది.

జగదల్‌పూర్ కథ వేరు. అక్కడ రైలు లేదు, చుట్టూ అడవి, గోదావరి దాటి ఓరుగల్లుకు రావాలంటే రోజులు పట్టే దారి. విమానం అవసరం నిజంగా ఉన్నది అక్కడే. ఓరుగల్లు పతనానంతరం ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యం స్థాపించాడని, దంతేశ్వరీదేవి ఆ వంశానికి కులదేవత అని అక్కడి సంప్రదాయం. ఆ వంశపు చివరి పాలకుడు ప్రవీర్‌చంద్ర భంజదేవ్ 1936లో గద్దెనెక్కినప్పుడు బాలుడు; పాలన బ్రిటిషు అధికారుల చేతిలో ఉంది. వారి హయాంలోనే 1939లో జగదల్‌పూర్‌లో విమానాలు దిగే మైదానం ఏర్పడింది. పాలకుల రాకపోకలకు అది సరిపోయింది. దానిని టపాతో గాని, రవాణా శాఖతో గాని, శిక్షణతో గాని ముడిపెట్టినవారు లేరు. 1948లో బస్తరు మధ్యపరగణాలలో విలీనమయిన తరువాత ఆ మైదానానికి ఏ శాఖ సొంతమని చెప్పుకోలేని స్థితి దీర్ఘకాలం కొనసాగింది.

ఈ లోటు ఎవరి మీద పడిందో తెలుసుకోవాలంటే జగదల్‌పూర్‌కు దక్షిణాన, నేటి సుకుమా జిల్లాలోని చింతలనార్ వరకు వెళ్ళాలి. దోర్నపాల్ నుంచి జగర్‌గుండ పోయే దారి మీది ఈ అటవీ గ్రామం పేరు 2010 ఏప్రిల్ 6న దేశమంతటా వినిపించింది. ఆనాటి మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోగా, గాయపడినవారిని హెలికాప్టర్లలో జగదల్‌పూర్‌కు చేర్చారు. ఆపత్సమయంలో ఆ పాత మైదానం విలువ అందరికీ తెలిసివచ్చింది. సాధారణ దినాలలో జబ్బుపడిన ఆదివాసీకి, చదువుకు పోయే విద్యార్థికి దాని వల్ల కలిగిన మేలు మాత్రం చెప్పుకోదగినంత లేదు.

2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద తొలి విమానాలు ఎగిరినప్పుడు కడప, నాందేడు నగరాలు హైదరాబాదుతో కలిశాయి. 2018 జూన్ 14న జగదల్‌పూర్ ఆ జాబితాలో చేరింది. 2020 సెప్టెంబరు 21న అలయన్స్ ఎయిర్ విమానం హైదరాబాదు, జగదల్‌పూర్, రాయపూర్‌లను కలిపింది. ఆ విమానాశ్రయానికి దంతేశ్వరీమాత పేరు పెట్టారు. ఓరుగల్లు నుంచి బస్తరుకు వెళ్ళిందని చెప్పే ఒక రాజవంశపు దేవత పేరుతో, తెలుగు రాజధానికీ బస్తరుకూ మధ్య ఆకాశమార్గం ఏర్పడింది.

పేరు పెట్టడంతోనో, మొదటి విమానం దిగడంతోనో పని పూర్తి కాదని బేగంపేట చరిత్ర చెబుతున్నది. ఉడాన్ పథకంలో సంస్థలకు నష్టపరిహారం మూడేళ్ళకు పరిమితం. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మొదటి మూడు విడతలలో కేటాయించిన 774 మార్గాలలో 403 మార్గాలు అసలు మొదలే కాలేదు. రాయితీ కాలం ముగిసిన తరువాత కూడా కొనసాగినవి 54 మాత్రమే. 1932లో టాటాలకు దొరికిన టపా ఒప్పందం పదేళ్ళది. ఆ పదేళ్ళలో హైదరాబాదుకు ఏరో క్లబ్బు, విమానాశ్రయ భవనం, రైల్వే యాజమాన్యం, సైనిక శిక్షణ ఒకదాని తరువాత ఒకటి సమకూరాయి. ఒప్పందం గడువు తీరే నాటికి విమానం అవసరం ఊరికే ఏర్పడింది. నేడు కొత్తగా విమానం ఎక్కుతున్న చిన్న పట్టణాలకు ఆ పదేళ్ళ వ్యవధి, వాటిని తనవిగా చూసుకునే ఒక కార్యాలయం దొరకవలసి ఉంది. అప్పుడు జగదల్‌పూర్‌లో దిగిన విమానం ఉపయోగం దోర్నపాల్ దారి మీదుగా చింతలనార్ దాకా చేరుతుంది.